జేబులో పట్టే ఉక్కు

మా మేనల్లుడు పై చదువుకని ఇంగ్లండు వెళ్లబోయే ముందు ఓ ఆదివారం మా ఇంటికొచ్చాడు. "మామయ్యా, అక్కడ పార్సిళ్లు విప్పుకోవడానికి, పండో కాయో కోసుకోవడానికి జేబులో పెట్టుకునే మడతచాకు ఒకటి కొనుక్కుంటాను. ఏది మంచిదో చెప్పు" అంటూ ఫోను నా ముందు పెట్టాడు. అందులో ఉక్కుల పేర్ల జాబితా ఉంది. అక్షరాలూ అంకెలూ కలిసిన పేర్లు, పక్కన కాఠిన్యం విలువలు, వాటి పక్కన ధరలు. ఎంసెట్ ర్యాంకుల పట్టికలా ఉంది. పైన ఉన్నది కొనేస్తే పని అయిపోయినట్టే అన్నది వాడి ధీమా.

నేను ఏమీ మాట్లాడకుండా రెండు దోరజామకాయలు, రెండు చాకులు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఒకటి నాకెవరో కానుకగా ఇచ్చిన ఖరీదైన చాకు. దాని అలుగు వీపు దగ్గర నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. రెండోది ఫ్రాన్సులో తయారయ్యే ఒపినెల్ 8వ నంబరు. బీచ్ కర్ర పిడి, రెండు మిల్లీమీటర్లు కూడా లేని పల్చటి అలుగు, మొత్తం బరువు 50 గ్రాముల ప్రాంతం. రెండింటినీ ఆ ఉదయమే నూరి ఉంచాను. వేలాడదీసిన వార్తాపత్రిక కాగితాన్ని రెండూ ఒకేలా కోశాయి. "ఇప్పుడు కాయ కొయ్యరా" అన్నాను.

ఖరీదైన చాకు కాయలో సగం దాకా దిగింది. అక్కడ ఆగి, ఇంకాస్త నొక్కేసరికి 'టప్‌'మని కాయ రెండు చెక్కలై చెరోవైపు పడింది. పల్చటి చాకు మాత్రం చప్పుడు లేకుండా కింద పళ్లెం తగిలేదాకా దిగిపోయింది. మొదటిది కాయను కోయలేదు, చీల్చింది. కట్టెలు కొట్టే గొడ్డలి చేసే పని అదే.

వాదర చేసే పని మొదటి క్షణంలోనే అయిపోతుంది. ఆ తరువాత లోపలికి దిగాల్సింది అలుగు ఒళ్లు. అది మందంగా ఉంటే రెండు పక్కలా పదార్థాన్ని తోసుకుంటూ పోవాలి. టమాటా, అరటిపండు లాంటి మెత్తటివి తేలిగ్గా పక్కకు జరుగుతాయి కాబట్టి వాటి దగ్గర వాదర పదునొక్కటే లెక్క. జామ, పచ్చిమామిడి, క్యారెట్, మందపాటి అట్టపెట్టె జరగవు. అందుకే వాటి దగ్గర మన చేతి బలంలో ఎక్కువ పాలు కోతకు కాకుండా ఆ తోపులాటకే ఖర్చవుతుంది. మేనల్లుడి ఫోనులోని పట్టికలో అన్నీ ఉన్నాయి కానీ, వాదర వెనకాల అలుగు ఎంత పల్చనో చెప్పే గడి లేదు. నా మటుకు నేను మొదట చూసేది దాన్నే. మామూలు ఉక్కుతో చేసిన పల్చటి చాకు, గొప్ప ఉక్కుతో చేసిన మందపాటి చాకును వంటింట్లోనూ ప్రయాణంలోనూ ఓడిస్తుంది.

అసలు పదును అంటే ఏమిటి? బాగా నూరిన వాదర కొసన మందం ఒక మైక్రాను, అంతకన్నా తక్కువ కూడా ఉంటుంది. మన తలవెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్లు. రెండు సెంటీమీటర్ల మేర వాదర ఆనేలా చాకును ఒక కిలో బరువంత బలంతో నొక్కామనుకోండి. ఆ బలమంతా పడే చోటు వైశాల్యం ఎంత తక్కువంటే, అక్కడి ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు ఐదువేల రెట్లు. కాయ తొక్కలోని కణాల గోడలు దాని ముందు నిలవలేవు. వాదర అరిగి ఐదు మైక్రాన్లకు మొద్దుబారితే ఒత్తిడి ఐదో వంతుకు పడిపోతుంది, మనం ఐదింతలు నొక్కుతాం. చేతులు తెగేది అప్పుడే. మొద్దుకత్తే ప్రమాదమని అమ్మమ్మలు చెప్పేది ఇందుకే.

ఇంకో చిన్న కిటుకు ఉంది. టమాటా మీద కత్తిని నిట్టనిలువునా నొక్కితే తొక్క లొంగదు, కాయ నలుగుతుంది. అదే కత్తిని కాస్త ముందుకో వెనక్కో లాగుతూ కోస్తే ఇట్టే తెగుతుంది. అడ్డంగా జరిగే కదలిక తొక్కను లాగి తెంపుతుంది. పైగా ఎంత నున్నగా నూరినా వాదర మీద కంటికి కనబడని రంపపు పళ్లు మిగులుతాయి, అవీ ఓ చెయ్యి వేస్తాయి. కత్తిపీట మీద కూరలు తరిగే వాళ్లు ఈ సూత్రం ఎవరూ చెప్పకుండానే పాటిస్తారు. కాయను కత్తికి నొక్కరు, కత్తి వంపు వెంట జారుస్తారు. జేబుచాకు కొనేటప్పుడు వాదర మొత్తం తిన్నగా కాక కొస వైపు కొంచెం వంపు తిరిగి ఉందేమో చూడమనేది ఈ కారణంతోనే.

ఇక కాఠిన్యం. ఇనుములో కర్బనం కలిస్తే ఉక్కు. చాకుల ఉక్కులో అది సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం దాకా ఉంటుంది. దాన్ని 800 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి కాలిస్తే స్ఫటికాల్లో ఇనుము పరమాణువుల అమరిక మారి, కర్బన పరమాణువులు వాటి మధ్య ఇమిడిపోతాయి. నెమ్మదిగా చల్లారనిస్తే కర్బనం మళ్లీ బయటికి వచ్చేస్తుంది, ఉక్కు మెత్తగానే మిగులుతుంది. కమ్మరి దాన్ని ఎర్రగా ఉండగానే నీళ్లలోనో నూనెలోనో ముంచుతాడు. కర్బనానికి తప్పించుకునే వ్యవధి ఉండదు. ఇనుము పరమాణువుల మధ్య ఇరుక్కుపోయి స్ఫటికాలను సాగదీసి బిగబట్టేస్తుంది. ఈ బిగిసిన స్థితిని మార్టెన్‌సైట్ అంటారు. అది చాలా గట్టిది, గాజులా పెళుసు కూడా. అందుకని మళ్లీ 200 డిగ్రీల చుట్టుపక్కల కాసేపు వేడి చేసి ఆ బిగువును కాస్త సడలిస్తారు. చాకు మంచిచెడ్డలన్నీ ఈ రెండు మెట్ల దగ్గరే తేలిపోతాయి. ఒకే ఉక్కు ముక్కను ఇద్దరికిస్తే ఒకరి చేతిలో చాకు, ఇంకొకరి చేతిలో రేకు అవుతుంది.

కాఠిన్యాన్ని రాక్‌వెల్ కొలమానంలో చెబుతారు. కొసన వజ్రం ఉన్న శంకువును ఉక్కు మీద నొక్కి, అది ఎంత లోతు దిగిందో చూస్తారు. జేబుచాకుల్లో ఈ అంకె మామూలుగా 55, 60 మధ్య ఉంటుంది. ఎర్ర పిడి మీద తెల్ల సిలువ గుర్తుతో లోకమంతా తెలిసిన స్విట్జర్లండు చాకు, విక్టోరినాక్స్, తన అలుగుకు 56 దగ్గరే ఆగుతుంది. పట్టికల్లో ఇది వెనక బెంచీ. కానీ ఆ వెనక బెంచీకి ఒక సుగుణముంది. మొద్దుబారితే వంటింటి సానరాయి మీద, అదీ లేకపోతే పింగాణీ కప్పు అడుగున గరుకుగా ఉండే అంచు మీద, పది నిమిషాల్లో పదును తిరిగొస్తుంది. 62, 64 ఉన్న ఖరీదు ఉక్కులు వారాల తరబడి పదును నిలుపుకుంటాయి, నిజమే. ఒకసారి పోయిందంటే మాత్రం వజ్రపు పొడి అద్దిన సాన కొని కూర్చోవాలి. మనలో ఎంతమంది కొంటారు?

ఇక్కడ నా సొంత బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట వీధిలోకి సైకిలు చక్రానికి సాన బిగించుకుని కత్తులు నూరే అతను వచ్చాడు. కత్తిపీటతో పాటు నా పల్చటి చాకునూ ఇచ్చేశాను. నిప్పురవ్వలు ఎగజిమ్ముతుంటే ముచ్చటగా చూస్తూ నిలబడ్డాను. చేతికొచ్చాక చూస్తే వాదర పొడవునా నెమలికంఠం నీలం. తడి లేని సాన మీద రాపిడికి అంత పల్చటి వాదర క్షణంలో 300 డిగ్రీలు దాటుతుంది. ఉక్కు మీద ఏర్పడే ఆక్సైడు పొర ఆ వేడికి నీలంగా కనబడుతుంది. 200 దగ్గర సడలించిన బిగువు 300 దగ్గర ఇంకా సడలిపోతుంది, మెత్తబడుతుంది. ఆ చాకు ఆ తరువాత వారం రోజులు కూడా పదును నిలపలేదు. నీలం తిరిగిన మేరా తడిసాన మీద అరగదీశాకే దారికొచ్చింది. నూరిన అతని తప్పేమీ లేదు. అతని సాన మందపాటి కత్తిపీటల కోసం, కొడవళ్ల కోసం. జేబుచాకును దాని కింద పెట్టింది నేను.

లండన్‌లో మన ఉక్కు

చాకు అనే మాట మనకు ఉర్దూ దారిన వచ్చిన తుర్కీ మాట. ఉక్కు మాత్రం మనదే. ఆ మాటే ఇంగ్లీషువాళ్ల నోట పడి 'ఊట్జ్' అయిందని చాలామంది పండితులు అంటారు. దక్షిణ భారతంలో మూసల్లో ఇనుమునూ కట్టెముక్కలనూ ఆకులనూ పెట్టి, మూతి మూసి, కొలిమిలో కరిగించి తీసిన చిన్న చిన్న ఉక్కు దిమ్మలకు ఆ పేరు. వాటిలో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉండేది. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఇందుకు పేరుపడిన ఊరు. హెన్రీ వాయిసీ అనే వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త, 19వ శతాబ్ది తొలినాళ్లలో ఆ ఊరి కొలుములను స్వయంగా చూసి రాసిపెట్టాడు. ఆ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కూర్చునేవాళ్లని కూడా అందులో ఉంది.

జేబుచాకుకూ దీనికీ సంబంధం ఏమిటంటారా? 1790లలో బొంబాయి నుంచి కొన్ని ఊట్జ్ దిమ్మలు లండన్ రాయల్ సొసైటీకి చేరాయి. జార్జ్ పియర్సన్ అనే రసాయన శాస్త్రవేత్త వాటిని పరీక్షించి 1795లో తన పత్రం సమర్పించాడు. ఆ పరీక్షల్లో భాగంగా సొసైటీ అధ్యక్షుడి కోరిక మీద జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు ఒక దిమ్మ ముక్కను సాగగొట్టి ఓ చిన్న చాకు చేశాడు. ఈకకలాల ములికి చెక్కుకునే పెన్‌నైఫ్ అది. అప్పటి మేటి ఉక్కు చాకులకు అది ఏమాత్రం తీసిపోలేదు. స్టోడార్ట్ ఆ ఉక్కు మీద మనసు పారేసుకున్నాడు. తన దుకాణం ప్రకటన కార్డు మీద, ఐరోపా ఉక్కులన్నిటికన్నా భారతదేశపు ఊట్జే మేలని అచ్చు వేయించుకున్నాడు.

కథ అక్కడితో ఆగలేదు. ఆ స్టోడార్టే 1819 ప్రాంతంలో ఒక కుర్ర శాస్త్రవేత్తతో కలిసి ఊట్జ్ రహస్యం తేల్చే పని మొదలుపెట్టాడు. ఆ కుర్రవాడు మైకేల్ ఫారడే. విద్యుత్తు చరిత్రలో అంత పెద్ద పేరు తెచ్చుకున్న ఫారడే ఒక కమ్మరి కొడుకు. కొలిమి వాసన తెలిసినవాడే అయినా ఇక్కడ పొరబడ్డాడు. ఊట్జ్ గొప్పతనం అందులోని అల్యూమినియం వల్లనేమో అనుకున్నాడు. అసలు కారణం కర్బనం, అది స్ఫటికాల మధ్య పేరుకునే తీరు. ఆ పొరపాటూ వృథా పోలేదు. ఊట్జ్‌ను అనుకరించాలని వాళ్లిద్దరూ ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం లాంటి లోహాలు కలిపి చూశారు. క్రోమియం కూడా కలిపి చూశారు. ఆ క్రోమియం దగ్గర మళ్లీ ఆగుదాం.

మడత చాకు ఆలోచన వీటన్నిటికన్నా పాతది. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో దొరికిన ఎముక పిడి మడతకత్తి క్రీస్తుకు పూర్వం 600–500 నాటిదంటారు. మన దగ్గర తాటాకుల మీద రాసుకున్న రోజుల్లో గంటమూ ఆకు కోసుకునే చిన్న కత్తీ ఒకే పిడిలో మడిచి పెట్టుకునే పనిముట్లు దక్షిణాదిన వాడుకలో ఉండేవి. అక్కడ ఈకకలానికి పెన్‌నైఫ్ ఎలాగో ఇక్కడ తాటాకుకు ఇది అలాగ.

నల్లబడనిద్దామా, మెరవనిద్దామా

మడతచాకు కొనేవాడి ముందు నిజంగా నిలబడే ప్రశ్న ఇది. తుప్పు పట్టే కర్బన ఉక్కా, పట్టని స్టెయిన్‌లెస్సా?

ఒపినెల్ రెండు రకాలూ అమ్ముతుంది. కర్బన ఉక్కు అలుగులో కర్బనం సుమారు 0.9 శాతం, క్రోమియం ఉండదు. చక్కగా పదునెక్కుతుంది, తేలిగ్గా నూరుకోవచ్చు. కానీ ఒక పచ్చిమామిడికాయ కోసి అరగంట పక్కన పెడితే అలుగు మీద బూడిదరంగు మచ్చలు తేలతాయి. అరటికాయ కోస్తే నల్లబడుతుంది. కొత్తగా కొన్నవాళ్లు కంగారుపడి పీచుతో తోమేస్తారు. తోమకండి. కాయల్లోని వగరు పదార్థాలు, అంటే టానిన్లు, ఇనుముతో కలిసి చేసే నల్లటి పొర అది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు నల్లగీత గీసేదీ ఈ రసాయన చర్యతోనే. కరక్కాయ రసం పట్టించిన బట్ట మీద, ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన కషాయంతో గీస్తే గీత నల్లబడి అలాగే ఉండిపోతుంది. బట్టను విడవని నలుపు ఉక్కును మాత్రం ఎందుకు విడుస్తుంది?

ఎర్ర తుప్పు సంగతి వేరు. అది పొడిపొడిగా రాలుతుంది. రాలిన చోట తేమ చేరి కొత్త ఇనుమును తింటుంది. నల్లపొర అలుగును అంటుకుని ఉంటుంది, కింది ఇనుముకు తేమ అందడాన్ని కొంత తగ్గిస్తుంది. ఏడాది వాడిన కర్బన చాకు ఏ కాయలు కోశారో దాని ఒంటి మీదే రాసిపెట్టుకుంటుంది. నాకు ఆ నలుపంటే ఇష్టం. మా ఇంట్లో ఆ ఇష్టం నాకొక్కడికే ఉంది. కోసిన యాపిల్ ముక్కకు మొదటి రోజుల్లో ఇనుప వాసన తగులుతుందని ఫిర్యాదు. అదీ నిజమే.

స్టెయిన్‌లెస్ కథకు ఇంగ్లండులోని షెఫీల్డ్ వెళ్లాలి. అక్కడ హ్యారీ బ్రియర్లీ అనే ఉక్కు పరిశోధకుడు తుపాకి గొట్టాలు లోపల అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతున్నాడు. 1913 ఆగస్టులో 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కర్బనం ఉన్న ఉక్కు పోత పోయించాడు. సూక్ష్మదర్శిని కింద చూడాలంటే ఉక్కు ముక్కను ఆమ్లంతో కాస్త కొరికించాలి. ఈ ముక్క కొరుకుడు పడలేదు. బ్రియర్లీ పుట్టి పెరిగింది కత్తుల ఊళ్లో కాబట్టి అతని ఆలోచన తుపాకుల నుంచి వెంటనే భోజనం బల్ల మీది చాకుల మీదికి మళ్లింది. మొదట్లో ఆ ఉక్కును సాగగొట్టడం, పదును పెట్టడం అలవాటు లేక కత్తుల పనివాళ్లు పెదవి విరిచారు. 'తెగని కత్తులు కనిపెట్టినవాడు' అని అతనికి ఎగతాళి పేరు కూడా పడింది. దాన్ని ఎలా కాల్చి ముంచాలో తేల్చి, మరకపడని ఉక్కు అనే అర్థం వచ్చే స్టెయిన్‌లెస్ పేరు పెట్టింది ఎర్నెస్ట్ స్టూవర్ట్ అనే కత్తుల కార్ఖానా మేనేజరు.

క్రోమియం సుమారు పదిన్నర శాతం దాటితే ఉక్కు ఒంటి మీద కొద్ది నానోమీటర్ల మందంలో క్రోమియం ఆక్సైడు పొర పరుచుకుంటుంది. గీత పడితే గాలిలోని ఆక్సిజన్‌తో మళ్లీ తనే పూడుకుంటుంది. చిక్కెక్కడంటే, కర్బనానికి క్రోమియం అంటే మహా ప్రీతి. ఉక్కులో కర్బనం ఎక్కువైతే క్రోమియాన్ని పట్టుకుని గట్టి రేణువులుగా మారిపోతుంది, ఒంటిని కాపాడటానికి మిగిలేది తగ్గిపోతుంది. అందుకే జేబుచాకుల స్టెయిన్‌లెస్‌లో తయారీదారులు అర శాతం పైచిలుకు కర్బనం, 13–15 శాతం క్రోమియం దగ్గర రాజీ పడతారు. ఈ రాజీ మంచి రాజీయే. ఉప్పు దగ్గర మాత్రం స్టెయిన్‌లెస్‌కూ చిల్లులు పడతాయి. ఉప్పులోని క్లోరైడు ఆ పల్చటి పొరను చోటు చూసి ఛేదిస్తుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపుటూళ్లలో ఉండేవాళ్లు, ఊరగాయ ముక్కలు కోసేవాళ్లు ఏ ఉక్కయినా కడిగి తుడిచి పెట్టుకోవలసిందే.

జేబులో చెమట, వానాకాలపు తేమ, తుడవడానికి బద్ధకం మూడూ ఉన్నవాళ్లకు స్టెయిన్‌లెస్సే తగినది. వస్తువును మచ్చిక చేసుకునే ఓపిక ఉన్నవాళ్లు కర్బన ఉక్కు పుచ్చుకోండి.

కీలు చెప్పే సంగతి

ఉక్కు సంగతి ఫోనులో చదవొచ్చు. కీలు సంగతి చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది.

పాతకాలపు జేబుచాకులో తాళం ఉండదు. పిడి వీపు పొడవునా ఒక ఉక్కు బద్ద ఉంటుంది, అదే స్ప్రింగు. 17వ శతాబ్ది నుంచి షెఫీల్డ్ చేసిందీ, తరువాత అమెరికాలో పెన్సిల్వేనియాలాంటి చోట్ల చేసిందీ ఈ రకమే. అలుగు మొదలు మూలలున్న చిన్న చదరంలా ఉంటుంది. మూసి ఉన్నప్పుడు బద్ద దాని ఒక చదును మీద ఆని ఉంటుంది. తెరవబోతే చదరం మూల బద్దను పైకెత్తుతుంది, మూల దాటగానే బద్ద తరువాతి చదును మీదికి పడి అలుగును తనే లాగి నిలబెడుతుంది. సైకిలు స్టాండు తన్నినప్పుడు ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. సగం దాకా మన కాలు తోయాలి, సగం దాటాక స్ప్రింగే లాక్కుంటుంది. మధ్యలో ఎక్కడా నిలవదు. రెండు లోయల మధ్య ఒక గట్టు. చాకు కీలూ అంతే.

ఆ గట్టు దిగేటప్పుడు 'టక్‌'మనే చప్పుడొస్తుంది. ఇలాంటి చాకులు ఇష్టంగా పోగేసేవాళ్లు తెరుచుకునే తీరును నడక అనీ, ఆ చప్పుడును పలుకు అనీ అంటారు. వినడానికి వేళాకోళంలా ఉన్నా పరీక్ష మంచిదే. నడక గరగరలాడితే చదును సరిగా రాకలేదని అర్థం. పలుకు మందంగా ఉంటే బద్దలో బిగువు లేదు. బిగువు మరీ ఎక్కువైతే గోరు విరుగుతుంది. ఇక్కడ భౌతికశాస్త్రం కాస్త కఠినం. బద్ద గట్టిదనం దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. మందం ఐదో వంతు తగ్గితే బిగువు సగానికి పడిపోతుంది. కార్ఖానాలో ఆకురాయి నాలుగు సార్లు ఎక్కువ పడితే చాలు, మంచి చాకు వదులు చాకవుతుంది. ఒకే పేరు, ఒకే ధర ఉన్న రెండు చాకులు చేతిలో వేర్వేరుగా ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసిందిగా. బద్దను అలుగంత గట్టిగా చేయరు, చేస్తే వంగకుండా విరుగుతుంది. విక్టోరినాక్స్ అలుగు 56 అయితే దాని స్ప్రింగు 49.

తెరిచాక అలుగును పక్కలకు ఊపి చూడండి, ఆడకూడదు. మూసి వెలుతురుకు పట్టి చూడండి. వాదర పిడి గాడి మధ్యలో ఉండాలి, లోపలి బద్దకు తగలకూడదు. తగిలితే మూసిన ప్రతిసారీ పదును పోతుంది.

తాళం లేని చాకుతో గుచ్చకూడదు. మొన మీద బలం పడితే అలుగు వేళ్ల మీదికి ముడుచుకుంటుంది. ఇది లోపమని కొందరంటారు. నాకలా తోచదు. కొయ్యడానికి పుట్టిన వస్తువుతో పొడిచే పనీ డబ్బా మూతలు లేపే పనీ చేయొద్దని అది రోజూ గుర్తుచేస్తుంది. డబ్బా మూత దగ్గర మొన విరగని చాకు లేదు.

ఫ్రాన్సులోని సవాయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన చాకు ఇంకా సాదా. అందులో స్ప్రింగే లేదు. గాడి కోసిన కర్రలో అలుగు రాపిడితో నిలబడుతుంది. 1897 నాటికి 1 నుంచి 12 దాకా పన్నెండు కొలతలు వచ్చాయి. తరువాత 1, 11 నంబర్లు మానేశారు. అలుగు ముడుచుకోకుండా తిప్పే ఉంగరాన్ని 1955లో మార్సెల్ ఒపినెల్ చేర్చాడు. దీనితో మనకొచ్చే తంటా వానాకాలంలో. కర్ర తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, నిలువుగా దాదాపు ఉబ్బదు. మన పాత ఇళ్ల తలుపులు ఆషాఢ శ్రావణాల్లో బిగుసుకునేదీ ఇందుకే. గాడి బిగిసి అలుగు రాదు. సవాయ్ రైతులు చాకు పిడి వెనక కొసను బల్ల అంచుకేసి కొడతారు, అలుగు దానంతటదే కాస్త బయటికి జారుతుంది. మీరు ఆ విద్యతో పాటు, కొనగానే గాడిలోకి నాలుగు చుక్కల అవిసె నూనె ఇంకించండి.

జపాన్‌లో మికి పట్టణంలో చేసే హిగొనొకామి అనే మడతచాకులో తాళమూ లేదు, స్ప్రింగూ లేదు. మడిచిన ఇత్తడి రేకే పిడి. అలుగు మొదట్లో చిన్న తోకలాంటి మీట ఉంటుంది, కోసేంతసేపూ బొటనవేలు దాని మీదే. ఒకప్పుడు జపాన్ బడిపిల్లలంతా పెన్సిళ్లు చెక్కుకున్నది దానితోనే. 1960లో ఓ రాజకీయ నాయకుడి హత్య జరిగాక పిల్లల చేతికి కత్తులు ఇవ్వొద్దనే ఉద్యమం లేచి దాని వాడకం పడిపోయింది. ఆ హత్యకు వాడింది పొట్టి ఖడ్గం, పెన్సిలు చాకు కాదు.

చట్టం సంగతీ తెలుసుకుని కొనాలి. మన ఆయుధ నిబంధనలు అలుగు తొమ్మిది అంగుళాలకు మించిన పొడవో, రెండు అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న కత్తుల గురించి మాట్లాడతాయి. ఇంటికీ వ్యవసాయానికీ వాడేవాటిని మినహాయిస్తాయి. జేబుచాకు ఆ కొలతలకు చాలా దిగువనే. అయినా విమానంలో చేతిసంచిలో చెల్లదు, మెట్రో స్టేషన్ల తనిఖీ దగ్గరా ఆపుతారు. నిషేధాజ్ఞలున్న చోటికీ, సభలకూ ఊరేగింపులకూ పట్టుకెళ్లడం తెలివితక్కువ.

ఇంగ్లండులో లెక్క ఇంకా కచ్చితం. మడతచాకు అలుగు వాదర మూడు అంగుళాలు, అంటే 7.62 సెంటీమీటర్లు మించకూడదు, తెరిచాక తాళం పడకూడదు. ఆ రెండు షరతులూ తీరితే కారణం చెప్పకుండా జేబులో పెట్టుకోవచ్చు. తాళం పడేదైతే ఎంత చిన్నదైనా ఆ మినహాయింపు వర్తించదని అక్కడి కోర్టులు తేల్చాయి. ఆ లెక్కన జామకాయ పోటీలో నెగ్గిన నా ఒపినెల్ కూడా ఓడిపోయింది. దాని అలుగు 8.5 సెంటీమీటర్లు, పైగా ఉంగరం తాళం.

మేనల్లుడు చివరికి రెండున్నర అంగుళాల అలుగు, తాళం లేని స్ప్రింగు, స్టెయిన్‌లెస్ ఉక్కు ఉన్న చిన్న చాకు కొన్నాడు. వాడి పట్టికలో దానికి చోటే లేదు. పెద్ద పెట్టెలో సర్దుకుని తీసుకెళ్లాడు.

మీరు కొనబోయేటప్పుడు దుకాణానికి ఒక దోరజామకాయ పట్టుకెళ్లండి. కోసి చూస్తానని అడగండి. దుకాణదారు నవ్వితే సగం అతనికి పెట్టండి.